రాత్రి మూడు గంటల నీళ్ళు

మొదటి రోజు

సంక్రాంతి సెలవులకు మద్రాసు నుంచి జనమంతా ఊళ్ళకు వస్తుంటే నేను ఎదురు వెళ్ళాను. అటు పోయే బండి కాబట్టి కావలిలో పినాకిని ఎక్కగానే కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలో రెండు జతల బట్టలు, పిన్నికి అరిసెలు, కాలేజీ ల్యాబు నుంచి అడిగి తెచ్చుకున్న ఆరు గాజు సీసాలు. సీసాలు పగలకుండా చీరల మధ్య చుట్టి పెట్టుకున్నాను.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. పోయిన ఏడాది మా పిల్లలు తుమ్మలపెంట వెళ్ళి సీసాల్లో సముద్రం నీళ్ళు పట్టుకొచ్చారు. పీహెచ్ చూశాం, ఉప్పు చూశాం, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో లెక్క కట్టాం. అన్నీ బాగానే వచ్చాయి. రికార్డులు రాసుకుంటుండగా వెనక బెంచీ పిల్లవాడొకడు లేచాడు. వాళ్ళ నాన్న వేటకు పోతాడు. "మేడం, ఇవి పొద్దున ఎనిమిది గంటల నీళ్ళు. మా నాన్న వలేసేది రాత్రి మూడింటికి. అప్పటి నీళ్ళు ఎట్టుంటాయో ఎవురు చూస్తారు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలతో సీసాలు నింపిస్తున్నాను, ఆ మాట నాకు తట్టనే లేదు. రాత్రి పడుకున్నా అదే గుర్తొచ్చేది. మా పిన్ని కొడుకు చెన్నైలో ఒక పరిశోధన బృందంలో పని చేస్తాడు. సముద్రంలో లంగరు వేసి వదిలిన బోయాలను, అంటే నీళ్ళ మీద తేలే డొల్లలను, వాటికి వేలాడే సెన్సర్లను చూసుకోవడం అతని ఉద్యోగం. ఫోన్ చేసి పిల్లవాడు అడిగిందే అడిగాను. "మా బోయా చూస్తుందక్కా. గంటకోసారి, రాత్రీ పగలూ. పండగ ముందు సర్వీసింగుకు వెళ్తున్నాం, నువ్వే వచ్చి చూడు" అన్నాడు తమ్ముడు.

సూళ్ళూరుపేట, తడ దాటేదాకా తూర్పు వైపే చూస్తూ కూర్చున్నాను. పులికాట్ అటే ఉంది. ఎన్నూరు దగ్గర బండి కొసస్థలయార్ వంతెన మీదకు వచ్చింది. ఒక చూపులో మడచెట్లు, పడవలు, మోకాలి లోతు నీళ్ళలో వంగి ఏదో ఏరుతున్న మనుషులు. అదే చూపులో కరెంటు ప్లాంట్ల పొగగొట్టాలు. వంతెన దాటడానికి నిమిషం పట్టదు.

తండయార్‌పేటలో పిన్ని వాళ్ళిల్లు. ఆ వీధిలో సగం ఇళ్ళలో తెలుగే వినిపిస్తుంది, మధ్యలో అరవం కలుస్తుంది. "సీసాలు మోసుకొచ్చినావా, ఇక్కడ సీసాలకేమి కరువు?" అంది పిన్ని. పండగకు వచ్చాననే ఆమె అనుకుంది. సముద్రం మీదికి వెళ్తానంటే మొహం మారింది. 2004 డిసెంబరు 26 పొద్దున సునామీ వచ్చినప్పుడు కాశిమేడు చేపల రేవు వైపు నుంచి జనం పరుగెత్తుకు రావడం ఆమె వాకిట్లో నిలబడి చూసింది. ఆ రాత్రి భోంచేస్తూ చాలాసేపు ఆ సంగతే చెప్పింది.

రెండో రోజు

బీచ్ స్టేషన్‌లో రైలెక్కి వేళచ్చేరి, అక్కడి నుంచి బండి మీద వర్క్‌షాపుకు. దారిలో పళ్ళికరణై చిత్తడి నేల వస్తుంది. 2022లో దానికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అంటే ప్రపంచమంతా కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలో చేరింది. రోడ్డుకు అంత దగ్గరగా నారాయణ పక్షులు నిలబడి ఉంటాయని అనుకోలేదు. ఆ పక్కనే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అందరూ నియోట్ అంటారు. తమ్ముడు గేటు ముందు బండి నెమ్మది చేసి, "మన దేశంలో ఈ పని నేర్చుకున్నవాళ్ళంతా ఏదో రకంగా ఇక్కడికి బాకీ అక్కా" అన్నాడు.

ఆ సంస్థ పుట్టింది 1993లో. డేటా బోయాల పథకం 1996లో మొదలైంది. బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ వేల మీటర్ల లోతున్న చోట లంగరు వేసి వదిలిన పెద్ద బోయాలు వాళ్ళవి. పైన గాలి వేగం, గాలి ఒత్తిడి చూస్తాయి. కింద తీగకు వరసగా కట్టిన సెన్సర్లు 500 మీటర్ల లోతుదాకా వేడి, ఉప్పు కొలుస్తాయి. ఆ అంకెలు ఉపగ్రహం మీదుగా వెళ్తాయి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉంది కదా, 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇచ్చేది అదే. సునామీ కోసం సముద్రం అడుగున పెట్టే మీటర్లు వేరే ఉంటాయి. పైన కిలోమీటర్ల కొద్దీ నీళ్ళున్నా ఒక్క సెంటీమీటరు మట్టం మారితే పసిగడతాయి. రాత్రి పిన్ని చెప్పిన మాటలు చెవుల్లో ఉండగానే ఇది విన్నాను. 2004లో మన సముద్రంలో అలాంటిది ఒక్కటీ లేదు.

తమ్ముడు వాళ్ళది ఇంత పెద్ద వ్యవహారం కాదు. ఒడ్డు నుంచి నాలుగైదు కిలోమీటర్ల లోపల, 15 మీటర్ల లోతులో ఒకే ఒక్క చిన్న బోయా. కానీ ఊరి మురుగు, నదుల వండు, ప్లాంట్ల వేడినీళ్ళు, చిన్న పడవల వేట అన్నీ ఆ నాలుగైదు కిలోమీటర్లలోనే.

వర్క్‌షాపు అంటే షెడ్డు. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, కడిగి ఆరబెట్టిన సెన్సర్లను వరసగా పెట్టారు. రేపు సముద్రంలో ఉన్నవాటిని విప్పి వీటిని బిగిస్తారు. మొదట ఉప్పు కొలిచేది చేతికిచ్చాడు. మోచేతి పొడవు టైటానియం గొట్టం, దాని కొసన చిటికెన వేలంత గాజు గొట్టం. నీళ్ళు ఆ గాజులోంచి పోతుంటే లోపలి ఎలక్ట్రోడ్లు కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూస్తాయి. ఉప్పెక్కువైతే కరెంటు బాగా పారుతుంది. నీళ్ళు వేడెక్కినా అంతే. అందుకే పక్కనే వేడి కొలిచే సూది ఉండి తీరాలి, అది లేకపోతే ఉప్పు లెక్క తేలదు. నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పే వాహకత పాఠమే ఇది. చేతిలో పట్టుకుంటే కొత్తగా అనిపించింది.

ఆక్సిజన్ సెన్సర్ ఇంకా బాగుంది. మూతి దగ్గర రూపాయి బిళ్ళకన్నా చిన్న పొర ఉంటుంది. లోపలి నుంచి దాని మీద నీలం కాంతి పడితే పొర ఎర్రగా మెరుస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువుంటే ఆ మెరుపు తొందరగా ఆరిపోతుంది, తక్కువుంటే కాసేపు నిలుస్తుంది. మెరుపు ఎంతసేపు నిలిచిందో చూసి ఆక్సిజన్ ఎంతో చెప్తుంది. నీటి పచ్చదనం కొలిచేదీ దీని చుట్టమే. నాచు కణాల్లోని పత్రహరితం మీద నీలం కాంతి వేసి, అవి తిరిగి ఇచ్చే ఎర్ర కాంతిని కొలుస్తుంది.

తర్వాత తమ్ముడు ఓ-రింగులు మార్చాడు. అది చూస్తూ గంటసేపు కూర్చున్నాను. నల్లటి రబ్బరు వలయాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చుట్టూ తిప్పి చూశాడు. గోరు తగలకుండా వేలి కొసతో తడిమాడు. పోగులు రాలని గుడ్డతో తుడిచాడు. సిలికాన్ గ్రీజు కాటుకంత తీసుకుని, మెరుపు వచ్చేదాకా పూశాడు తప్ప ముద్ద కట్టనివ్వలేదు. గాడిలో కూర్చోబెట్టాక మళ్ళీ టార్చి వేసి చూశాడు. ఏదో కనిపించినట్టుంది, మొత్తం విప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. "వెంట్రుక ముక్క ఉండిపోతే చాలక్కా, నీళ్ళు లోపలికి దారి చూసుకుంటాయి. మూడు నెలల రికార్డు పోతుంది. డబ్బు పెట్టి ఇంకో సెన్సర్ కొనుక్కోవచ్చు, ఆ మూడు నెలలు ఎక్కడ కొంటాం?" చిన్నప్పుడు నా దగ్గర ఎక్కాలు అప్పజెప్పడానికి ఏడ్చినవాడు. ఆ చేతుల ఓపిక చూసి గర్వంగా అనిపించింది.

మూడో రోజు

వెళ్ళాల్సింది ఈరోజే. తెల్లవారకముందే పడవ నడిపే సరంగు ఫోన్ చేశాడు. వాడై గాలి లేచిందట, ఉత్తరం నుంచి కొట్టే గాలి. చిన్న ఫైబరు పడవలో బరువులు దించుతూ ఎత్తుతూ పని చేయడం కుదరదన్నాడు. తమ్ముడు ఎదురు మాట్లాడలేదు.

ఆ రోజు ఎన్నూరు వెళ్ళాం. దారి పొడుగునా సముద్రం పక్కన పెద్ద పెద్ద రాళ్ళు గుట్టలు పోసి ఉన్నాయి. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంటుంది. హార్బరు గోడలు కట్టాక ఆ ఇసుక గోడకు అవతలే ఆగిపోయింది. అటు మెరీనా వెడల్పయింది, ఇటు రాయపురం నుంచి ఉత్తరాన ఉన్న ఊళ్ళు కోసుకుపోయాయి. మెరీనా మీద బజ్జీలు తినేవాళ్ళు ఒకసారి ఇటు కూడా వచ్చి చూడాలని నాకు గట్టిగా అనిపించింది.

క్రీక్ దగ్గర, అంటే సముద్రంలో కలిసే పాయ దగ్గర, ఆడవాళ్ళు నీళ్ళలో కూర్చుని చేతులతో రొయ్యలు పడుతున్నారు. నడుముకు కట్టుకున్న బుట్టల్లో వేసుకుంటున్నారు. మేం మాట్లాడుకునేది విని ఒకామె తెలుగులోకి మారింది, వాళ్ళమ్మది తడ దగ్గరట. 2023 డిసెంబరు సంగతి ఆమే ఎత్తింది. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ అంతకుముందు రెండు రోజులు చెన్నైని వానతో ముంచింది. ఆ వరదతోపాటు నూనె క్రీక్‌లోకి వచ్చింది. పడవలు, వలలు, మడచెట్ల వేళ్ళు అన్నీ నల్లబడ్డాయి. "చెయ్యి పెడితే జిడ్డు. కడిగినా పోలేదు. రొయ్య మా చేతిలో ఉంటే కొనేవాళ్ళు మొహం తిప్పుకున్నారు" అంది. చేతులు చాపి చూపించింది, ఆ జిడ్డు ఇంకా ఉన్నట్టే. ఎన్నూరులో అది మొదటిసారి కూడా కాదు. 2017 జనవరిలో రెండు ఓడలు గుద్దుకుని ఇదే తీరమంతా నూనె పట్టింది.

"ఆ వరద రోజుల్లో మీ బోయా ఏం చెప్పింది?" అని తమ్ముణ్ణి అడిగాను.

"అప్పటికి మా బోయా లేదక్కా. ఉండుంటే ఏ గంటకు ఉప్పు పడిపోయిందో, ఎప్పుడు మళ్ళీ లేచిందో రాసి ఉండేది. నూనెకు వేరే సెన్సర్ కావాలి, అది మా దగ్గర ఇప్పటికీ లేదు. కానీ ప్రవాహం ఎటు లాగిందో తెలిస్తే నూనె ఎటు పోతుందో తెలిసేది."

ఉత్తరాన కాట్టుపళ్ళిలో సముద్రం నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు ఉంది. 2010లో రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మొదలైంది. ఊరికి దక్షిణాన నెమ్మేలిలో 2013లో ఒకటి, 2024లో ఇంకొకటి వచ్చాయి. అంటే చెన్నై కొంతమేరకు ఈ సముద్రాన్నే తాగుతోంది. తాగే నీటి బావిలోకి తొంగి చూసినట్టు ఈ నీళ్ళలోకి రోజూ ఎవరో ఒకరు తొంగి చూడాలి కదా.

నాలుగో రోజు

తెల్లవారుజామున నాలుగున్నరకు కాశిమేడు చేరాం. లైట్ల కింద వేలం అప్పుడే ఊపందుకుంది. వంజరం, చందువాయి, కవళ్ళు, ఐసు పొడి, కేకలు. సరంగుదీ, పడవ పనిచేసే ఇద్దరు కళాసీలదీ శ్రీకాకుళం జిల్లా. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడే ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పెద్ద బోట్లకు వేట నిషేధం ఉంటుంది, అప్పుడు ఇంటికెళ్తారు. సరంగు నాకు లైఫ్ జాకెట్ బిగించి, "ఏటమ్మా, బయమేస్తన్నాదా? గంగమ్మకి దండమెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను. నిజంగానే భయమేసింది.

హార్బరు గోడ దాటగానే పడవ కుదుపు మారింది. ముప్పావు గంటకు బోయా కనిపించింది. పసుపు రంగు, గుండ్రంగా, నాలుగు పక్కలా సోలార్ పలకలు, పైన లైటు, సన్నటి యాంటెనా. సముద్రంలో కొలతల కోసం పెట్టే బోయాలన్నిటికీ ఇదే పసుపు. రాత్రిపూట 20 సెకన్లకోసారి ఐదు మెరుపులు మెరిపించడం కూడా వీటి గుర్తే. ఏ దేశం ఓడ వచ్చినా చూడగానే పోల్చుకుంటుంది. పలకల మీద పక్షుల రెట్టలు తెల్లగా పేరుకున్నాయి. కళాసీ గోకి తుడిచేదాకా ఒక పలక కనిపించనే లేదు.

సెన్సర్ల పంజరాలు రెండు. ఒకటి మూడు మీటర్ల లోతున, ఒకటి అడుక్కు దగ్గరగా 12 మీటర్ల దగ్గర. పైదాన్ని ముగ్గురూ కలిసి లాగారు. అది నీళ్ళలోంచి పైకి వచ్చినప్పుడు సెన్సర్లు ఏవని వెతుక్కున్నాను. నిన్నగాక మొన్న బల్ల మీద మెరుస్తూ చూసిన గొట్టాలేనా ఇవి? పంజరం ఊచలన్నీ తెల్లటి గుల్లలు. పడవ అడుగున పట్టే గుల్లలే, ఒకదాని మీద ఒకటి, ముట్టుకుంటే చెయ్యి కోసుకునేంత పదును. వాటి సందుల్లో పచ్చటి ఆలిచిప్పలు, జారుడు నాచు, గోరంత పీతలు అటూ ఇటూ పరుగులు. పచ్చి వాసన గుప్పుమంది. రాగి చుట్టిన చోట మాత్రం ఏదీ పట్టలేదు. రాగిని అవి ఓర్చుకోలేవు. ఆక్సిజన్ పొర చుట్టూ రాగి కవచం ఉంది కానీ, దాన్ని అరగంటకోసారి తుడిచే చిన్న బ్రష్షు ఎప్పుడో ఇరుక్కుపోయింది. పొర అంచున ఒక గుల్ల కూర్చుని ఉంది.

కళాసీ కత్తి తీస్తే తమ్ముడు ఆపాడు. కడగకముందే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయాలి. ఏ సెన్సర్ మీద ఎంత పట్టిందో తెలియకపోతే రేపు అంకెలను నమ్మాలో వద్దో తేల్చలేం అన్నాడు.

ఫోటోలయ్యాక పంజరాన్ని కడగకుండానే మళ్ళీ అదే లోతుకు దించారు. నా పని అప్పుడు మొదలైంది. ఆక్సిజన్ సెన్సర్ నిజం చెప్తోందో లేదో చూడటానికి దారి ఒకటే. అదే లోతు నుంచి, అదే నిమిషంలో నీళ్ళు తీసి రసాయనాలతో కొలవాలి. 1888లో వింక్లర్ చెప్పిన పద్ధతి, మా ఇంటర్ ల్యాబులో చేసేదే. రెండు మూతులూ తెరిచిన గొట్టం సీసాను తాడుతో దించి, తాడు వెంట ఇత్తడి బరువు వదిలితే అది కిందికి జారి తగులుతుంది. మూతులు టప్పుమని మూసుకుంటాయి. ఆ దెబ్బ తాడులోంచి అరచేతికి తెలిసింది. పైకి తెచ్చిన నీళ్ళను రబ్బరు గొట్టంతో నా గాజు సీసాలోకి, అడుగు నుంచి నెమ్మదిగా, పొంగి పొర్లేదాకా నింపాలి. మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ వేయగానే గోధుమరంగు అవక్షేపం కట్టింది. పడవ ఊగుతోంది, సీసా తిప్పి చూస్తే భుజం దగ్గర బటాణీ గింజంత గాలిబుడగ. ఆ బుడగలో ఉన్న ఆక్సిజన్ చాలు లెక్క తప్పడానికి. పారబోసి మళ్ళీ తీశాను. రెండోసారీ బుడగే. మూడోసారి సరంగు నా భుజాలు కదలకుండా వెనక నుంచి పట్టుకున్నాడు, అప్పుడు కుదిరింది. ఇంకో సీసా కూడా అలాగే నింపాను.

కొత్త సెన్సర్లు బిగించి దించాక తమ్ముడు లంగరు తాడు చూశాడు. ఒకచోట పోగులు తెగి ఉన్నాయి. దానికి ఒక మీటరు ఎత్తున తెగిన వల ముక్క, ఇంకెవరిదో తాడు ముడి. ఎవరో పడవను దీనికి కట్టుకున్నారు. తమ్ముడి మొహం ఎర్రబడింది. సరంగు దాచలేదు. "దీని నీడకి సేపలు సేర్తాయి బాబూ. సేపలుంటే మావోలొస్తారు, కడతారు. ఈ పసుప్పచ్చది ఏటి సేస్తాదో మాకెవులూ సెప్పనేదు. సెప్తే కట్టంకదా."

నాకు ఆ మాట సూటిగా తగిలింది. బోయా మీద హెచ్చరిక ఉంది, ఇంగ్లీషులో. తమ్ముడు తాడు పట్టుకునే ఆ ముగ్గురికీ చెప్పడం మొదలుపెట్టాడు, ఇది ఉప్పు చూస్తుంది, ఇది వేడి, ఇది ఊపిరి అని. ఆక్సిజన్‌కు ఊపిరి అన్నాడు. లీటరు నీళ్ళలో ఆక్సిజన్ రెండు మిల్లీగ్రాముల కంటే తగ్గిందంటే చేపలకు ఊపిరాడదు, పారిపోతాయి, పారిపోలేనివి చస్తాయి. సరంగు శ్రద్ధగా విని, "అయితే అడుగు నీల్లు సచ్చిపోతే దీనికి మా కన్నా ముందే తెలుస్తాదా?" అని అడిగాడు. తెలుస్తుంది అన్నాడు తమ్ముడు. "మరి మాకెలా తెలుస్తాది?"

దానికి ఇద్దరం జవాబు చెప్పలేదు. తిరుగు దారిలో తమ్ముడు అతని ఫోన్ నంబరు రాసుకున్నాడు.

నీళ్ళ మీద ఒక తాబేలు తల ఎత్తి మళ్ళీ మునిగింది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. 2025 జనవరిలో ఇవే వందల కొద్దీ చచ్చి చెన్నై ఒడ్డున పడ్డాయి. బతికి ఉన్నదాన్ని చూసినందుకు సంతోషంగా అనిపించింది.

ఐదో రోజు

పొద్దున్నే వర్క్‌షాపులో టైట్రేషన్‌కు కూర్చున్నాను. ఆమ్లం వేయగానే గోధుమ అవక్షేపం కరిగి తేనె రంగు ద్రావణం అయింది. బ్యూరెట్ నుంచి హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, చుక్క చుక్కగా వదిలాను. రంగు ఎండుగడ్డిలా పాలిపోయాక స్టార్చి వేస్తే ముదురు నీలం. ఇంకో మూడు చుక్కలకు నీలం తేలిపోయింది. ఒక్క చుక్క ఎక్కువైనా మళ్ళీ చేయాల్సిందే కాబట్టి ఊపిరి బిగబట్టాను. రెండు సీసాలూ ఒకే లెక్కకు వచ్చాయి. అదే నిమిషానికి పాత సెన్సర్ చెప్పింది నా లెక్కకంటే లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము తక్కువ. పొర అంచున కూర్చున్న గుల్ల కూడా ప్రాణే కదా, పక్కనున్న ఆక్సిజన్‌ను అది పీల్చుకుంటోంది. సెన్సర్ కొలిచింది సముద్రాన్ని కాదు, ఆ గుల్ల ఊపిరిని.

బ్రష్షు ఎప్పుడు ఇరుక్కుందో వెతికితే చివరి మూడు వారాలు తేడాగా ఉన్నాయి. తుడిపేస్తావా అని అడిగాను. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. తుడపకూడదు, దిద్దకూడదు. ఆ మూడు వారాల అంకెల పక్కన అనుమానం గుర్తు పెట్టి, ఫోటో జతచేసి, నా టైట్రేషన్ లెక్క కూడా రాసి ఉంచుతాడట. పరీక్షలో రీడింగు కలవకపోతే పక్కవాడిది చూసి దిద్దుకునే పిల్లలు గుర్తొచ్చారు. రేపు వెళ్ళగానే వాళ్ళకు చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

అనుమానం లేని రోజుల గీతలు చూశాం. ఆక్సిజన్ గీత రోజుకొక అల. పగలంతా నాచు ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి సాయంత్రానికి శిఖరం. రాత్రి తయారీ ఆగిపోతుంది, పీల్చడం మాత్రం ఆగదు. తెల్లవారేముందు పల్లం. పొద్దున ఎనిమిదింటికి గీత అప్పటికే పైకి ఎక్కుతూ ఉంది. మా సీసాలన్నీ పట్టింది ఆ ఎక్కుడులోనే. పిల్లవాడు అడిగిన రాత్రి మూడింటి దగ్గర నేను వేలు పెట్టాను. చాలా రోజుల్లో గీత అప్పటికి ఆ పల్లంలోకి దిగుతూ ఉంది.

2019 ఆగస్టులో తిరువాన్మియూరు వైపు అలలు రాత్రిపూట నీలంగా మెరిశాయని ఊరంతా బీచికి పరుగెత్తింది. నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి చేసిన పని అది. చూడ్డానికి అద్భుతమే. కానీ అది విపరీతంగా పెరిగి చచ్చి కుళ్ళినప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ హరించుకుపోతుంది.

తర్వాత ఉప్పు గీత తెరిచాడు. అక్టోబరు నుంచి జనవరి దాకా. ఇది చూడటానికే ఇంత దూరం వచ్చానేమో అనిపించింది. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డప్పుడు పైన ఉన్న సెన్సర్‌లో ఉప్పు చటుక్కున పడి, రెండు మూడు రోజుల్లో లేచింది. అది చెన్నై వాన, కూవం, కొసస్థలయార్ నదుల నీళ్ళు. వాటి కింద ఇంకో కదలిక ఉంది. వారాల తరబడి ఉప్పు నెమ్మదిగా దిగుతూనే పోయింది. పైన సెన్సర్‌లోనూ, అడుగు సెన్సర్‌లోనూ. వాన ఆగిన రోజుల్లో కూడా లేవలేదు. ప్రవాహం కొలిచే మీటరు ధ్వనిని కిందికి పంపి, నీళ్ళలో కొట్టుకుపోయే నలుసుల నుంచి వచ్చే ప్రతిధ్వని స్వరం మారడాన్ని బట్టి వేగం చెప్తుంది. ఆ వారాలన్నీ నీళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికే పోతున్నాయంది.

"ఇవి ఎక్కడి నీళ్ళో చెప్పుకో" అన్నాడు తమ్ముడు.

వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన మంచినీళ్ళు బంగాళాఖాతం తలలో చేరతాయి. వాన తగ్గాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తూర్పు తీరాన్ని ఆనుకుని ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఆ మంచినీళ్ళు తీరం వెంట ఒక పట్టీలా దిగి వస్తాయి. సముద్రంలో నది అంటారు పరిశోధకులు. దారిలో మహానది, గోదావరి, కృష్ణ కలుస్తాయి. శ్రీకాకుళం ముందు నుంచి, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, మా తుమ్మలపెంట ముందు నుంచి వచ్చి చెన్నై దాటిపోతాయి. ఫిబ్రవరికల్లా ప్రవాహం మళ్ళీ ఉత్తరానికి తిరుగుతుంది.

మంచినీళ్ళు తేలిక కాబట్టి పైనే పరుచుకుంటాయి. కింది ఉప్పునీళ్ళతో తొందరగా కలవవు. లోతు సముద్రంలో ఆ మూత వల్ల పైనీళ్ళ వేడి పైనే నిలిచి, తుపాన్లకు బలం ఇస్తుంది. ఒడ్డు దగ్గర గాలి ఆక్సిజన్ అడుక్కు చేరడం కష్టమవుతుంది. సరంగు అడిగిన 'సచ్చిపోయిన అడుగు నీల్లు' అలా కూడా పుడతాయి. అందుకే ఉప్పు గీతను, ఆక్సిజన్ గీతను ఒకదాని కింద ఒకటి పెట్టి చూడాలి. ఒక్క బోయాతో ఇంత తెలిసింది. శ్రీకాకుళం నుంచి ఇక్కడిదాకా తీరం వెంట ఇలాంటివి వరసగా ఉంటే ఆ నది నడకను ఊరు ఊరుకూ ముందే చెప్పొచ్చు. కేరళలో కొచ్చి దగ్గర, మన విశాఖ దగ్గర తీరపు నీళ్ళ నాణ్యత చూసే బోయాలు ఇన్‌కాయిస్ పెట్టింది. మధ్యలో మన తీరం చాలా పొడవు.

సాయంత్రం తమ్ముడు రెండు అట్టముక్కల మీద బోయా బొమ్మ వేసి, ఏది ఏం చూస్తుందో తెలుగులో ఒకటి, అరవంలో ఒకటి రాయించాడు. తెలుగుది నేను రాశాను. 'దీనికి పడవ కట్టకండి' అని కాకుండా 'ఇది మన నీళ్ళ ఊపిరి చూస్తోంది, తాడు తెగితే మనకు తెలియదు' అని మొదలుపెట్టాను. పండగయ్యాక కాశిమేడులో వేలం షెడ్డు పక్కన అంటిస్తారు. సరంగు నంబరుకు రోజూ పొద్దున, సాయంత్రం అడుగు ఆక్సిజన్ ఒక్క మాటలో పంపిస్తానన్నాడు తమ్ముడు. బాగుంది, తగ్గుతోంది, బాగా తగ్గింది. ఈ మూడు మాటలు చాలు.

ఆరో రోజు

భోగి. నాలుగింటికే వీధిలో మంటలు, పిల్లల డప్పులు. పిన్ని తలంటు పోసి, పొంగలి పెట్టి, దారికి పులిహోర కట్టింది. సముద్రం మీదికి వెళ్ళి క్షేమంగా వచ్చానని గంగమ్మకు కొబ్బరికాయ కొట్టించింది. బండికి టైముంది కదా అని ముందు ఆరుబయట రాళ్ళ గోడ మీదకు తీసుకెళ్ళాడు తమ్ముడు. ఇంకా చీకటిగానే ఉంది. చాలాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత దూరంగా పసుపు చుక్క, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మళ్ళీ చీకటి. ఇరవై సెకన్లు లెక్కపెట్టాను. మళ్ళీ ఐదు.

బండి ఎన్నూరు వంతెన దాటుతుండగా ఫోన్ మోగింది. తమ్ముడు పంపిన మెసేజి: రాత్రి మూడు గంటల రీడింగు, పైన, అడుగున, వేడి, ఉప్పు, ఆక్సిజన్. దాన్నలాగే మా పిల్లవాడికి పంపాను. ఏవి ఏమిటో కింద తెలుగులో రాశాను. పండగ పూట చూస్తాడో లేదో అనుకున్నాను. గూడూరు రాకముందే జవాబు వచ్చింది.

"మేడం, ఇవి నిజంగా ఈరోజు మూడింటివేనా? నాన్నకు చూపించినా. మన తుమ్మలపెంట ముందర ఎప్పుడు కడతారో అడగమంటన్నాడు."